షాపు ఎక్కడ తెరుస్తారో ముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణలో 2025 చివర్లో వైన్ షాపుల లైసెన్సులకు దరఖాస్తుల నుంచి డ్రా దాకా పేపర్లలో అవే వార్తలు. ఏ జిల్లాలో ఎంత పోటీ ఉంది, ఒక్కరే ఎన్ని దరఖాస్తులు వేశారు, ఎవరికి తగిలింది, ఎవరికి తగల్లేదు, అన్నీ చదివాం. ఆ షాపు ఎవరి ఇంటి పక్కన తెరుస్తారన్నది మాత్రం ఎక్కడా కనపడలేదు. పత్రికల తప్పు కాదు లెండి. డ్రా తీసే రోజుకు ఆ సంగతి ఎవరికీ తెలియదు. గెజిట్‌లో షాపు నంబరు, ఊరి పేరో వార్డు పేరో ఉంటుంది, అంతే. లైసెన్సు తగిలినాయన తర్వాత మడిగె, అంటే దుకాణం గది, వెతుక్కుంటాడు. ఎక్సైజ్ వాళ్లు వచ్చి చూసి సరే అంటారు. ఆ వీధిలో ఉండేవాళ్లకు షట్టరు ఎత్తిన రోజే తెలుస్తుంది.

మాది ఉత్తర తెలంగాణలో ఒక మండల కేంద్రం. పేరు రాయడం లేదు, రాస్తే ఇది మా ఊరి గొడవ కింద కొట్టుకుపోతుంది. నవంబరు చివర్లో మా బడి దారిలో ఒక మడిగెకు రంగులు వేశారు. ఇనుప జాలీ బిగించారు. మందుల షాపు వస్తోందని సంతోషపడ్డాం, రాత్రిపూట జ్వరం గోలీ కావాలన్నా బస్టాండు దాకా పోవాల్సిన ఊరు మాది. డిసెంబరు 1న తెలిసింది, అది మందుల షాపు కాదు, మందు షాపు. ఒక్క అక్షరమే తేడా!

నేనూ మరో నలుగురు ఆడవాళ్లమూ కలిసి ఎక్సైజ్ వాళ్లను అడగడానికి పోయాం. సార్లు మర్యాదగానే మాట్లాడారు. "వంద మీటర్లు దాటిందమ్మా, కొలిచాం" అన్నారు. బడికి, గుడికి, ఆసుపత్రికి 100 మీటర్ల లోపు షాపు ఉండకూడదన్నది నియమం. ఆ కొలతకూ ఒక పద్ధతి ఉంది. షాపు వాకిలి నడిమధ్య నుంచి, మనిషి మామూలుగా నడిచే దగ్గరి దారిలో, అవతలి దగ్గరి గేటు నడిమధ్య దాకా కొలవాలి. మా బడికి రెండు గేట్లున్నాయి. పెద్ద గేటు రోడ్డు వైపు, చిన్న గేటు నీళ్ల ట్యాంకు వైపు. పిల్లల్లో సగానికి పైగా వచ్చేది చిన్న గేటు నుంచే. ఆ బడిలో పదకొండేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, నాకు తెలియదా? ప్లాట్లు కొలిచే టేపు అడిగి తెచ్చుకుని మేమూ కొలిచాం. పెద్ద గేటుకు 118 మీటర్లు, చిన్న గేటుకు 64. మరి చిన్న గేటు ఎందుకు లెక్కలోకి రాలేదంటే, వాళ్లు వచ్చింది ఆదివారం, దానికి తాళం వేసి ఉందట. ఆదివారం బడికి తాళం వేయకపోతే ఏం చేస్తారు?

ఇంకో మాట. మడిగెకు ఎదురు వరసలోనే అంగన్‌వాడీ ఉంది. నియమంలో బడి అంటే గుర్తింపు పొందిన బడి, కాలేజీ అని రాసి ఉంది గానీ అంగన్‌వాడీ ఊసు లేదు. ప్రైవేటు ఆసుపత్రి అయితే 30 పడకలు ఉండాలి. మండల కేంద్రంలో 30 పడకల ప్రైవేటు ఆసుపత్రి ఎక్కడిది? మా ఊళ్లో కాన్పులు చేసే డాక్టరమ్మ గారి దవాఖాన ఆ లెక్కన దవాఖానే కాదు.

రోడ్డు మీద లారీలు నడిపేవాళ్ల విషయంలో సుప్రీంకోర్టు ఎంత దూరం ఆలోచించిందో చూడండి. హైవేకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని 2016 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. 20 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకు దాన్ని 220 మీటర్లు చేసింది. తర్వాత మున్సిపాలిటీలను మినహాయించి, పంచాయతీల సంగతి రాష్ట్రాలకు వదిలేసింది కాబట్టి ఆ తీర్పు చాలా చోట్ల పలచబడింది, అది వేరే కథ. కానీ తాగి బండి నడుపుతారేమో అన్న భయానికి 220 మీటర్లు సరిపోతాయో లేదో అని అంత వాదన జరిగినప్పుడు, రోజూ పొద్దున పలక పట్టుకుని నడిచివచ్చే పిల్లకు 100 మీటర్లు చాలునని ఎవరు లెక్కగట్టారో!

నేను మద్యనిషేధం అడగడం లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం నుంచి 1995లో వచ్చిన నిషేధం దాకా చూసినదాన్ని. అది 1997లో ఎట్లా సడలిపోయిందో, ఆ మధ్య కాలంలో సరిహద్దు ఊళ్ల నుంచి ఏమేం వచ్చాయో కూడా చూశాను. షాపు లైసెన్సుల్లో కల్లు గీసే గౌడన్నలకు 15 శాతం కేటాయించడం నాకు న్యాయంగానే తోస్తుంది. షాపు ఉండనీయండి. ఎక్కడ ఉండాలన్న మాట దగ్గర మమ్మల్నీ ఒక మాట అడగమంటున్నాను.

అడిగే పద్ధతి లోకంలో లేనిదేమీ కాదు. మా పెద్దమ్మాయి ఇంగ్లండులో ఉంటుంది. అక్కడ మద్యం లైసెన్సుకు దరఖాస్తు పెట్టినవాడు షాపు ముందు లేత నీలం కాగితం మీద నోటీసు అంటించి 28 రోజులు ఉంచాలి. ఆ లోపు అభ్యంతరం ఉన్నవాళ్లు రాసి ఇవ్వవచ్చు. ఆ కాగితం ఏ4 సైజులో ఉండాలట. మన షాపు లైసెన్సు పేరే ఏ4, దానికి మాత్రం కాగితమే లేదు! అంత దూరం ఎందుకు, పక్కనున్న మహారాష్ట్రలో ఊళ్లోని ఆడ ఓటర్లలో పావువంతు మంది సంతకాలు పెడితే షాపు ఉంచాలా వద్దా అని ఓటింగు పెడతారు, సగానికి మించి వద్దంటే మూసేస్తారు. మన ఏజెన్సీలో కూడా గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం (పెసా) కింద మత్తుపదార్థాల అమ్మకం మీద గ్రామసభకు అధికారం ఉంది. మైదానంలో ఉన్న మాకు ఆ నోరు లేకపోయింది.

ప్రభుత్వానికి దీనివల్ల పైసా నష్టం లేదు. ఈసారి 2,620 షాపులకు 95 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని 3 లక్షల రుసుముతో సీసా మూత తియ్యకముందే 2,800 కోట్లు దాటింది. అయితే 2025 అక్టోబరు 27న డ్రా తీసి డిసెంబరు 1న షాపులు తెరిపించారు. ఉన్న ఆ నెల రోజుల్లోనే మడిగె చూడాలి, కిరాయి మాట్లాడాలి, అనుమతి తెచ్చుకోవాలి. డ్రా ఇంకో నెల ముందు పెట్టి, ఎంచుకున్న మడిగె షట్టరు మీదా పంచాయతీ బోర్డు మీదా పదిహేను రోజులు నోటీసు ఉంచితే ఏం పోతుంది? షాపాయనకూ అదే మేలు. మా ఊరి లాంటి చోట లైసెన్సుకు ఏడాదికి 55 లక్షలు కట్టేవాడు, కౌంటరు కట్టించి సరుకు దింపాక మేం టెంటు వేసుకుని కూర్చుంటే ఎవరికి చెప్పుకుంటాడు? నిజానికి మా షాపాయన మంచివాడే. "ముందే చెబితే అటు మార్కెట్ యార్డు వైపు చూసుకునేవాణ్ని కదమ్మా" అన్నాడు.

ఈ లైసెన్సులు 2027 నవంబరు దాకా ఉంటాయి. తర్వాతి నోటిఫికేషన్ రాసేటప్పుడైనా నోటీసు నిబంధన పెట్టాలి, అంగన్‌వాడీని జాబితాలో చేర్చాలి, బడికి ఎన్ని గేట్లుంటే అన్నిటికీ కొలవాలి. కొలిచేది బడి నడిచే రోజున, పదిమంది ముందు కొలవాలి. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలంటే నేను వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు