రెక్క ఎంత వంగిందో కొలిచి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

విమానం రెక్కను విల్లులా వంచే పరీక్ష గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఇవన్నీ కంప్యూటర్ ముందే లెక్కగట్టేస్తుందని, పరీక్ష కేవలం లాంఛనమని అందులో రాశారు. పాతికేళ్లుగా అలాంటి పరీక్షల ల్యాబులోనే పనిచేస్తున్నాను. ఆ మాట చదివి ఊరుకోలేకపోయాను.

కంప్యూటర్ మోడల్‌ను తక్కువ చేయడం లేదు. అది లేకుండా ఈ రోజుల్లో ఏ రెక్కా తయారు కాదు. కానీ 2006లో ఎయిర్‌బస్ ఎ380 రెక్క, సర్వీసులో వచ్చే గరిష్ఠ లోడుకు 1.5 రెట్లు తట్టుకోవాల్సింది, 1.45 రెట్ల దగ్గరే విరిగింది. 2009లో బోయింగ్ 787 రెక్క బాడీకి అతికే చోట కాంపోజిట్ (జిగురుతో కలిపిన కార్బన్ నారల) పొరలు విడిపోయాయి. దాన్ని సరిచేసి మొదటిసారి ఎగరేసేసరికి డిసెంబరు వచ్చింది. రెండు చోట్లా లోపం బయటపడింది పరీక్షలోనే.

మా ల్యాబులో జరిగింది ఒకటి చెబుతాను. ఒక కాంపోజిట్ ప్యానెల్‌ను పైనుంచి నొక్కుతున్నాం. దానిమీద పన్నెండు స్ట్రెయిన్ గేజులు అతికించాం. గోరంత రేకు అది. అతికించిన చోట, అతికించిన దిశలో సాగుదలను మాత్రమే చెబుతుంది. గేజుల అంకెలు మోడల్‌తో మూడు శాతం లోపే కలిశాయి. హమ్మయ్య అనుకున్నాం.

ఆ ప్యానెల్ రెండోవైపు తెల్ల పెయింటు మీద నల్ల చుక్కలు వేసి, రెండు కెమెరాలు పెట్టాం. చుక్కలు వేయడమే ఓ పెద్ద పని. పెయింటు మెరిస్తే లైటు పడి చుక్కలు కనబడవు, మ్యాట్ పెయింటే వాడాలి. ఫోటోలో ఒక్కో చుక్క మూడు నుంచి అయిదు పిక్సెళ్లు ఉండాలి. లోడు పెరిగేకొద్దీ ప్రతి చుక్కల గుంపూ ఎటు జరిగిందో సాఫ్ట్‌వేర్ వెతికి పట్టుకుంటుంది. మన రెండు కళ్లూ దూరాన్ని పసిగట్టినట్టే, కెమెరాలు రెండు కాబట్టి లోపలికీ బయటికీ వచ్చిన ఉబ్బు కూడా తెలుస్తుంది.

ఆ ఉబ్బును సాఫ్ట్‌వేర్ రంగుల్లో గీసి చూపిన పటంలో ప్యానెల్ నాలుగు అలలుగా ఉబ్బింది. మోడల్ చెప్పింది అయిదు! మా గేజులు పడిన చోట్లలో రెండు ఆకారాలకీ దాదాపు ఒకే అంకె వస్తుంది. అందుకే అవి కలిశాయి.

వారం రోజులు వెతికాం. ప్యానెల్ పక్క అంచులు అసలు తిరగనంత గట్టిగా బిగించి ఉన్నాయని మోడల్‌లో రాసుకున్నాం. నిజానికి లోడు పడగానే, ప్యానెల్‌ను పట్టి ఉంచే బిగింపు చట్రం, అంటే ఫిక్చర్, కంటికి కనబడనంత తిరుగుతోంది. కెమెరా ఆ అంచును కూడా చూస్తోంది కాబట్టి దొరికింది.

కెమెరా చెప్పిందల్లా వేదం అనను. ఒక్క చోట సన్నటి సాగుదలకు గేజే నమ్మకం. లోడు వేయకముందు మేం కొన్ని ఫోటోలు తీస్తాం. ప్యానెల్ కదల్లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ సున్నా చూపించాలి, కానీ ఎంతో కొంత చూపిస్తుంది. లైట్ల వేడికి కెమెరా ముందు గాలి కదిలినా ప్యానెల్ కదిలినట్టే ఉంటుంది. ఆ తప్పు ఎంతో తేల్చుకోకుండా మోడల్ సరిపోయిందని అనకూడదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. పరీక్ష అయ్యాక మోడల్‌లో అంకెలు సర్ది, గీత మీద గీత కూర్చోబెట్టి, రిపోర్టులో ‘వాలిడేషన్ పూర్తయింది’ అని రాసేస్తారు. సర్దడం తప్పు కాదు, దాన్ని క్యాలిబ్రేషన్ అంటారు. సర్దిన మోడల్, తాను చూడని మరో ప్యానెల్ ఎలా వంగుతుందో ముందే చెప్పి నెగ్గితేనే వాలిడేషన్. ఫిక్చర్ బిగువు సరిచేశాక మేం మందం మార్చిన రెండో ప్యానెల్‌కు అంచనా రాసి, తారీఖు వేసి, పరీక్షకు ముందే వేరే సెక్షన్ వాళ్ల చేతికిచ్చాం. ఉబ్బు ఆకారం కలిసింది. ఒక మూల మాత్రం కలవలేదు. ఆ తేడాను రిపోర్టులో అలాగే ఉంచాం, కారణం ఇంకా వెతుకుతున్నాం.

ఇకముందు రెక్క వంగిన ఫోటో వేసినప్పుడు, మోడల్ ముందే చెప్పిన వంపెంతో, పరీక్షలో కొలిస్తే వచ్చిందెంతో, ఆ రెండు అంకెలూ పక్కపక్కనే వేయమని మనవి.

ఇట్లు,
విమాన నిర్మాణ పరీక్షల ఇంజనీరు ఒకరు