మావా, ఇల్లు అమ్మేస్తున్నాం

ఒరేయ్ మావా,

ముందు నన్ను తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఈ మధ్య రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళు. అవును, అమ్మేస్తున్నాం. బెజవాడ సింగ్‌నగర్ ఇల్లే, పరీక్షల ముందు నువ్వు డాబా మీద పడుకుని చదివిన ఇల్లే. ఫోన్లో చెప్పొచ్చు గానీ ఈ సంగతి చెబుతుంటే మధ్యలో గొంతు పట్టేస్తుంది. అందుకే రాస్తున్నా.

మిగతా కబుర్లు గబగబా చెప్పేస్తాను. అందరం బాగున్నాం. పాప ఏడో తరగతికి వచ్చింది, కళ్ళజోడు పడింది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. నీ కూజా భద్రంగా ఉంది, వరదకి కూడా కొట్టుకుపోలేదు. అందులో ఏముందో మాత్రం ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, ఒట్టు.

సెప్టెంబరు 1 వస్తే బుడమేరు వాగు మా ఇంట్లోకి వచ్చి ఏడాది. 2005లో కూడా వచ్చింది గుర్తుందా, అప్పుడు మా గడప దాకా వచ్చి ఆగిపోయింది. ఆ నమ్మకంతోనే నాన్న ఇరవై ఏళ్ళు ధైర్యంగా ఉన్నాడు. పోయినేడు, 2024లో, అలా కాదురా. అటు బుడమేరు మళ్ళింపు కాలువకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి, ఇటు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో కృష్ణ పోతోంది. ఇక నీళ్ళు ఎక్కడికి పోతాయి? మా మీదికే వచ్చాయి. నీళ్ళు తీశాక ఫైరింజన్ వాళ్ళొచ్చి పైపు పెట్టి గది గదీ కడిగారు. గవర్నమెంటు ఇచ్చిన 25,000 లప్పానికీ రంగుకే చాల్లేదు. అప్పుడే మా ఆవిడ అంది, ఇంకో వానాకాలం ఇక్కడ ఉండలేనని. నేను కాదనలేదు.

జూన్‌లో పోరంకిలో ఒక ఫ్లాట్ చూశాం. మూడో అంతస్తు, తూర్పు వాకిలి. పాప పరుగెత్తుకెళ్ళి బాల్కనీలో నిలబడి "ఇక్కడికి నీళ్ళు రావు కదా" అంది. ఆ మాటకి బేరం కూడా సరిగ్గా ఆడకుండా ఒప్పేసుకున్నాను. 62 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అదే నాలుగున్నర లక్షల పైమాట. 2 లక్షలు అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నాం. సెప్టెంబరు 10 లోపు రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే ఆ 2 లక్షలూ పోయినట్టే. ఇది అమ్ముడైతే గానీ అది కొనలేం. అది కొంటామని మాట ఇచ్చేశాం కాబట్టి ఇది అమ్మక తప్పదు. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు మావా. పైగా ఆషాఢం వచ్చిపడింది, ఆ నెలంతా గేటు తీసినవాడు లేడు.

శ్రావణం రాగానే జనం మొదలయ్యారు. వచ్చిన ప్రతివాడూ అడిగే మొదటి మాట ఒకటే, "నీళ్ళు ఎందాకా వచ్చాయి?" బ్రోకరు ముందే చెప్పి ఉంచాడు, "మోకాలి దాకా అనండి సార్, అందరూ అదే అంటున్నారు" అని. అబద్ధం చెప్పడం ఇష్టం లేదు. కానీ నేను కూడా అలాగే అన్నాను మావా. ముగ్గురికి చెప్పాను. నీ దగ్గర దాచను.

అసలు చిక్కు గోడతో వచ్చింది. ముందు గదిలో క్యాలెండరు మేకు ఉంటుంది చూడు, సరిగ్గా ఆ మేకు కింద దాకా నిలిచాయి నీళ్ళు. లప్పం పెట్టించాం, రెండు కోటింగులు రంగు వేయించాం. నెల తిరక్కుండా ఆ గీత మళ్ళీ బయటికొచ్చింది. ఈసారి మట్టి రంగులో కాదు, తెల్లగా, ఉప్పు పొంగి, దారం పట్టి గీసినట్టు. బ్రోకరు సలహా మీద ఆ గోడకి బీరువా జరిపాం. మిగతా గోడలకి అంత తెలియట్లేదు.

మొన్నామధ్య ఒక ఆదివారం ఒక జంట వచ్చారు. ఆయనకి ఆటోనగర్‌లో లేతు పని, ఆవిడ బట్టలు కుడుతుంది. ఇల్లంతా చూసి, ముందు గదిలోకొచ్చి ఆవిడ అడిగింది, "ఎందాకా వచ్చాయి బాబాయిగారూ?" నన్ను కాదు, నాన్నని. నేను నోరు తెరిచేలోపే నాన్న లేచాడు. "బీరువా జరుపు" అన్నాడు. విననట్టు ఊరుకున్నాను. మళ్ళీ అనలేదు, తనే భుజం ఆనించి నెట్టడం మొదలుపెట్టాడు. డెబ్బై మూడేళ్ళ మనిషి. ఇంక నేనూ పట్టాను.

గీత బయటపడింది. నాన్న దాని మీద గోరు పెట్టి గీరాడు. పెళుసుబారిన రంగు పెచ్చులు పెచ్చులుగా రాలింది, వెనకాల పిండిలాగా ఉప్పు. "ఇందాకా అమ్మా" అన్నాడు. అక్కడితో ఆగుతాడనుకున్నాను.

ఆగలేదు. వరద ముందు రోజు శనివారం మేం ముగ్గురం ఏలూరు మా అత్తగారింటికి వెళ్ళామని నీకు తెలుసుగా. ఇంట్లో అమ్మా నాన్నే ఉన్నారు. ఏం జరిగిందని నాన్నని ఎన్నిసార్లు అడిగినా "డాబా ఎక్కాం, పడవ వచ్చింది, దిగాం" అనేవాడు, అంతే. అలాంటిది ఇప్పుడు ముక్కూమొహం తెలియని వాళ్ళకి మొత్తం చెప్పాడు. తెల్లారేసరికి వాకిట్లో మడమల లోతు. కాఫీ తాగేలోపు మంచం కోళ్ళు మునిగాయి. మన డాబాకి ఇనప నిచ్చెనే కదా, అమ్మని ఒక్కో మెట్టూ ఎక్కించడానికే చాలాసేపు పట్టిందట. మళ్ళీ కిందికి దిగాడు. అప్పటికి నడుం దాకా ఉన్నాయి. ఒక్కసారే వెళ్ళిరాగలనని తెలిసిపోయింది, ఒక చెయ్యే ఖాళీ. ట్రంకు పెట్టె తెచ్చాడు. ఇంటి దస్తావేజులున్న పెట్టె.

"కాయితాలు తెచ్చానమ్మా. ఆవిడ బీపీ మందులు ఎదురుగా షెల్ఫులోనే ఉన్నాయి, తేలేదు" అన్నాడు. "రెండు రోజులు మందుల్లేకుండా ఉంది. రెండో రాత్రి తల తిరుగుతోందని నా ఒళ్ళో పడుకుంది. పెట్టె వంక చూసుకుంటూ కూర్చున్నాను."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. నాకు కాళ్ళు ఆడలేదు. ఏడాదిగా పక్క గదిలో పడుకుంటున్న మనిషి రా. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి విని, "ఇంకా అదేనా? ఆ మందులు గుర్తు చేయాల్సింది నేను" అని లోపలికెళ్ళి టీ పెట్టింది. ఎవరూ అడక్కుండానే అందరికీ పెట్టింది. టీ ఇస్తుంటే ఇల్లు చూడ్డానికొచ్చినావిడ అమ్మ చెయ్యి పట్టుకుంది.

వాళ్ళు వెళ్ళాక నేనేం చేశానో తెలుసా? నాన్న మీద అరిచాను. 2 లక్షలు పోతాయి, పాపకి మాట ఇచ్చాను, ఎందుకు చెప్పావని. ఆయన ఏమీ అనకుండా చీపురు తెచ్చి రాలిన రంగు ఊడుస్తున్నాడు. అది చూసి నేను... సరే, అది తర్వాత చెబుతాలే. మన గన్నవరం బస్సు రోజు నీ మొహం ఎలా ఉందో, ఆ రాత్రి నా మొహం అలా ఉంది.

నాలుగో రోజు వాళ్ళే మళ్ళీ వచ్చారు. వాళ్ళు అద్దెకుండేది ఇక్కడికి రెండు వీధుల అవతలేనట! మేడ మీది పోర్షన్‌లో ఉండి, మా వీధిలో పడవలు తిరగడం కళ్ళారా చూశారట. "ఏడిళ్ళు చూశామండీ, ఏడుగురూ మోకాలనే అన్నారు" అన్నాడాయన. ఆ ఏడిళ్ళలో మాది లేకపోవడం నాన్న పుణ్యం. కింద షట్టర్లు పెట్టి కుట్టు మిషన్లు వేస్తారట, పైన అంతస్తు వేసుకుని కాపురం. ఆవిడ గిరాకీ అంతా ఈ పేటలోనే ఉంది, వేరేచోటికి పోవడం కుదరదు.

అలాగని ధర పెంచి ఇచ్చారనుకోకు. మేం 58 చెప్పాం, గీతని చూపించే బేరమాడి 51న్నరకి దింపారు. న్యాయమే. 50 లక్షలు దాటింది కాబట్టి ఒక శాతం టీడీఎస్, అదే ముందే కోసుకునే పన్ను, వాళ్ళు పట్టుకుని కట్టాలి. ఆడిటరు ఇంకో బాంబు పేల్చాడు. ఈ ఇల్లు నాన్న పేరున ఉంది, లాభం మీద పన్ను పడకూడదంటే కొనేది కూడా నాన్న పేరున ఉండాలట. నేనేమో పోరంకి అగ్రిమెంటు నా పేరున, మా ఆవిడ పేరున రాయించాను. అది మార్చి రాయడానికి ఆ ఓనరు ఒప్పుకున్నాడు, పెద్ద గండం గడిచింది. తేడా డబ్బుకి నేను లోను పెడుతున్నాను, ఇంకా శాంక్షన్ కాలేదు.

ఇంకొకటి మిగిలింది. నాన్న తలమీద పెట్టుకుని తెచ్చిన ఆ పెట్టెలోకి కూడా నీళ్ళు వెళ్ళాయి. 1994 దస్తావేజు పేజీలు అంటుకుపోయాయి, చివరి రెండు పేజీల్లో సంతకాలు అలుక్కుపోయాయి. కొనేవాళ్ళ బ్యాంకు లాయరు రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తెమ్మన్నాడు. ఆ కాయితాల కోసమే కదా ఆయన... ఆ మాట నాన్నతో అనలేకపోయాను. దరఖాస్తు నేనే పెట్టాను. ఈ రోజు ఇస్తామన్నారు.

ఆ రోజు నుంచీ బీరువా పక్కకే ఉంది, ఎవరం మళ్ళీ జరపలేదు. క్యాలెండరు మాత్రం నాన్న తీసి అదే మేకుకి తగిలించాడు. నువ్వు దసరాకి వస్తానన్నావు కదా, కాస్త ముందే రారా. సెప్టెంబరు 10 లోపు వస్తే ఒక్క రాత్రి డాబా మీద పడుకుందాం. నాన్న కూడా పైకొస్తానన్నాడు. నిచ్చెన

ఉండు, పదిన్నర అయిందట. నాన్న చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, కాపీ కోసం తనూ వస్తాడట. ఇక ఆపుతున్నా, కవరు దారిలో పోస్టు చేస్తా.

నీ
కూజా కాపలావాడు