వరుడిలో 'వ' ఎటు పోయిందంటే

పర్లాకిమిడిలో మా డీటీపీ షాపుకి వచ్చే అందరికీ ఒక సంజాయిషీ. పోయిన నెల మూడు శుభలేఖల ప్రూఫులు ఆలస్యం చేశాను. కరెంటు లేదన్నాను, ప్రింటరు మొరాయించిందన్నాను. అసలు సంగతి నా మణికట్టు నొప్పి.

నేను టైపు నేర్చుకున్నది మిషను మీద. గట్టిగా కొడితేగాని అక్షరం పడదు. అదే చెయ్యి ఇన్నేళ్లూ కంప్యూటరు కీబోర్డునీ బాదింది. చివరికి రెండు ముక్కల కీబోర్డు తెప్పించాను. ముక్కలు భుజాలంత ఎడంగా పెట్టుకుంటే మణికట్టు వంచక్కర్లేదు. చూసినవాళ్లంతా "ఏటి బాబూ, విరిగిపోనాదేటి?" అంటున్నారు. విరగలేదు. మధ్యలో టీ గ్లాసుకి చోటొచ్చింది. పిల్లల్ని తెచ్చేవాళ్లు మాత్రం ముక్కల్ని కలిపే తీగ లాగనివ్వకండి. ఆన్‌లో ఉండగా ఊడితే లోపల కాలిపోవచ్చు.

ప్రతి మీట కిందా ఉండే స్విచ్చుల దగ్గర చాలా తిప్పలు పడ్డాను. మొదట టక్కుటక్కుమనే నీలం రంగువి వేశాను. మిషను గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. కానీ మాది ఒక్క గది. పిటిషను చెబుతున్న పెద్దాయన ఆ చప్పుడుకి సర్వే నంబరు మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. తర్వాత ఎర్రవి. నాలుగు మిల్లీమీటర్లు దిగే మీట రెండు దిగగానే అక్షరం పడిపోతుంది, పడినట్టు వేలికి తెలీదు. ఊరికే ఆనించినా పడ్డాయి. ఇప్పుడున్నవి గోధుమ రంగువి. దారిలో చిన్న గతుకు తగులుతుంది, అక్కడే వేలు ఆపేయొచ్చు. బాదుడు తగ్గింది, నొప్పీ తగ్గింది.

వచ్చిన చిక్కల్లా 'వ'తోనే. నేను ఇన్‌స్క్రిప్ట్‌లో కొడతాను, అంటే మన భాషల అక్షరాలకి ఉన్న కీబోర్డు అమరిక. అందులో అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి. రెండు ముక్కలకి బాగా అమరిందనుకున్నాను. 'వ' ఉండేది ఇంగ్లీషు బి మీట మీద. దాన్ని కుడి చూపుడువేలితో కొట్టడం నా పాత దురలవాటు. ఇప్పుడా మీట ఎడమ ముక్కలోకి పోయింది, నా వేలేమో బల్లని కొడుతోంది. ఒక ప్రూఫులో వరుడు కాస్తా 'రుడు' అయి వెళ్లిపోయాడు. ఆ ఇంటివాళ్లు నవ్వేశారు కాబట్టి సరిపోయింది. ఒడియా కార్డులకి ఈ బాధ లేదు. వాళ్లు వివాహాన్ని 'బ'తో రాస్తారు, అది కుడివైపే ఉంది.

అందుకని ఒడియా కార్డులు ఎప్పటిలాగే ఇస్తాను. తెలుగు కార్డులకి ఇంకో నెల పాటు రెండు రోజులు ఎక్కువ ఇవ్వండి. రేటు పెంచను, కీబోర్డు నా చేతికోసం కొన్నది. ప్రూఫు మీద సంతకం పెట్టేముందు 'వ'లు లెక్కపెట్టుకోండి. పాతపట్నం నుంచి వచ్చేవాళ్లు ఫోను చేసి బయల్దేరండి.