నిమ్మకాయలు ఉన్నాయి, ఫ్రిజ్‌లో ఉన్నాయి

సంపాదకులు గారికి,

గత సోమవారం మీ సిటీ పేజీలో మా వీధి గురించి వార్త వేశారు. ఒక ఫ్లాట్‌లో కుర్రాళ్లు గుమిగూడి క్షుద్ర సంగీతం వింటున్నారని, చుట్టుపక్కలవాళ్లు హడలిపోతున్నారని రాశారు. ఆ ఫ్లాట్‌లో అద్దెకు ఉంటున్నది మా చెల్లెలు, ఆమె కొడుకు. హడలిపోయిన చుట్టుపక్కలవాళ్లలో నేను కూడా ఒకణ్ణి, ఎందుకంటే ఎదురింట్లోనే ఉంటాను. ఆ ఆదివారం చాప మీద కూర్చోలేక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని, రికార్డు మొదటి నుంచి చివరి దాకా విన్నవాణ్ణి కూడా నేనే. మీ విలేకరి రాలేదు. రికార్డు కవరు ఫొటో మాత్రం ఎవరి ఫోన్‌లో నుంచో సంపాదించారు.

విన్నదేమిటో ముందు చెప్తాను. అమెరికాకు చెందిన కోవెన్ అనే బ్యాండ్ 1969లో చేసిన మొదటి రికార్డు అది. మెర్క్యురీ కంపెనీ విడుదల చేసింది. పేరు ‘విచ్‌క్రాఫ్ట్ డిస్ట్రాయ్స్ మైండ్స్ అండ్ రీప్స్ సోల్స్’. చేతబడి బుర్ర చెడగొడుతుంది, ఆత్మను ఎత్తుకుపోతుంది అని అర్థం చెప్పాడు మావాడు, అంటే మా మేనల్లుడు. సైకెడెలిక్ రాక్ అంటారట. పాడిన ఆవిడ జింక్స్ డాసన్. గొంతు ఖంగుమంటుంది. అట్ట మీద తలకిందుల శిలువలు ఉన్నాయి. అట్ట లోపలి ఫొటో పెద్దవాళ్ల ముందు తెరిచేది కాదు, అందుకే మావాడు దాన్ని ముందే బీరువాలో దాచాడు. చేతబడి బాగా చదువుకోనివాళ్లు ఇందులోని తంతు చేయొద్దని అట్ట మీద హెచ్చరిక కూడా ఉంది. అది చూసే మీవాళ్లు బెదిరి ఉంటారు. సరుకు అమ్ముకోవడానికి రాసిన రాత అని నాకైతే చూడగానే అర్థమైంది. నలభై ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను, కరపత్రానికీ సర్క్యులర్‌కీ తేడా తెలుసు.

మొదటి పాట పేరు ‘బ్లాక్ సబ్బాత్’. బేస్ గిటార్ వాయించినతని పేరు ఓజ్ ఆస్‌బోర్న్. తర్వాత కొద్ది నెలలకే, 1970 ఫిబ్రవరి 13న, ఇంగ్లండ్ నుంచి బ్లాక్ సబ్బాత్ అనే బ్యాండ్ అదే పేరుతో రికార్డు తెచ్చింది. అందులో పాడింది ఓజీ ఆస్‌బోర్న్. ఎవరు ఎవర్ని కాపీ కొట్టారని పిల్లలు టీలు చల్లారేదాకా వాదించుకున్నారు. నాకైతే రెండింటి పాటలకూ పోలిక కనబడలేదు. పేర్లు కలిస్తే ఏముంది, మా ఒక్క వీధిలోనే ముగ్గురు శ్రీనివాసులున్నారు.

జమైకాలో రోజ్ హాల్ అనే ఎస్టేట్ దొరసాని మీద ఒక పాట ఉంది. మంత్రాలు నేర్చి, కట్టుకున్నవాళ్లనే చంపిందని అక్కడ చెప్పుకుంటారట. మా ఆవిడ అర్థం చెప్పించుకుని, ‘ఇది మా అమ్మమ్మ వాళ్లూరి గడీ కథే కదా’ అంది. గడీలో రాత్రిపూట గజ్జెల చప్పుడు వినిపించే కథ. ఆమెకు ఆ పాట ఎంత నచ్చిందంటే రెండోసారి పెట్టించుకుంది. ఇంటర్ చదివే ఒక కుర్రాడు గోడకు ఆనుకుని నిద్రపోయాడు. మా చెల్లెలికి ఆర్గన్ చప్పుడుకు తలనొప్పి వచ్చింది.

ఇక చివరిది. పదమూడు నిమిషాలు. పాట కాదు, చర్చిలో చేసే ప్రార్థనను తలకిందులు చేసిన తంతు. గంటలు, మంత్రం చదువుతున్నట్టు మాటలు. అది నడుస్తుండగానే పైఅంతస్తు మాస్టారు లేచి వెళ్లిపోయారు. ఆయన చర్చి కోయిర్‌లో పాడతారు. మర్నాడు పాల బూత్ దగ్గర కనబడి, ‘పాటల వరకు బాగానే ఉంది సార్, ఆ చివరిది మాత్రం మా ప్రార్థనను వెక్కిరించినట్టుంది, మనసుకు కష్టమైంది’ అన్నారు. ఆయన మాట న్యాయం. మావాడు వెళ్లి, ముందే చెప్పాల్సింది, తప్పయిందని చెప్పి వచ్చాడు. విషయం అక్కడితో అయిపోయింది.

నా మాట అడిగితే, ఆ తంతు వింటున్నప్పుడు నాకు సురభి నాటకం గుర్తుకొచ్చింది. అందులో ఘటోత్కచుడు వచ్చే ముందు పొగ లేస్తుంది. ఆ పొగ ఎక్కడి నుంచి వస్తుందో తెలిసి కూడా ఒళ్లు జలదరిస్తుంది. ఇక్కడ పదమూడు నిమిషాలూ పొగే, ఘటోత్కచుడు రాలేదు. సగం నుంచి రాత్రికి కూర ఏమిటా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఇవండీ శ్రోతల స్పందనలు. ఒకరికి నచ్చింది, ఒకరికి బాధ కలిగింది, ఒకరికి తలనొప్పి, ఒకరికి నిద్ర. మీ వార్తలో మాత్రం అందరికీ కలిపి ఒకటే భయం.

వార్త వచ్చిన రోజు సాయంత్రమే ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. చిన్నతను హాలంతా చూసి, ‘ముగ్గు యాడ పోసిన్రు? నిమ్మకాయలేవి?’ అని అడిగాడు. ‘ఫ్రిజ్‌లున్నయి బిడ్డా, రేపు పులిహోరకు’ అంది మా చెల్లెలు. పెద్దతను నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. మేమూ నవ్వాం. ఇంటి ఓనరు మాత్రం నవ్వలేదు.

ఈ రికార్డుకు పత్రిక దెబ్బ ఇదే మొదటిది కాదని మీకు చెప్పాలి. 1969 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో చార్లెస్ మాన్సన్ అనే ముఠా నాయకుడి అనుచరులు రెండు రాత్రుల్లో ఏడుగురిని చంపారు. దేశమంతా బెదిరిపోయి ఉంది. 1970 మార్చిలో ఎస్క్వైర్ పత్రిక కాలిఫోర్నియాలో క్షుద్రం పెరిగిపోతోందంటూ కథనాలు వేసి, ఈ రికార్డు సంగతి కూడా అందులో ఎత్తింది. ఆ హత్యలతో ఈ బ్యాండ్‌కు ఏ సంబంధమూ లేదు. అయినా కంపెనీ జంకి రికార్డును దుకాణాల నుంచి వెనక్కి తీసుకుంది. అప్పటి ప్రతుల కోసం ఈ పిచ్చి ఉన్నవాళ్లు ఇప్పటికీ వెతుకుతూనే ఉంటారు. మావాడు కొన్నది తర్వాత ఎప్పుడో వేసిన కాపీ. తమాషా ఏమిటంటే, 1971లో ఇదే జింక్స్ డాసన్ గొంతు ‘వన్ టిన్ సోల్జర్’ అనే పాటలో వినిపించింది. పగ వద్దు, శాంతి కావాలి అనే పాట అది. ఒక సినిమాలో పెట్టారు. కోవెన్ పేరు మీదే అమెరికా అంతటా మోగింది. అప్పుడు ఎవరికీ క్షుద్రం కనబడలేదు.

అసలు నాకు కోపం తెప్పించింది ఆ ‘క్షుద్ర’ అనే మాట. అమెరికాలో అది అట్ట మీద బొమ్మ. మన దగ్గర అలా కాదు. బాణామతి చేస్తున్నారని అనుమానించి మనుషుల్ని చెట్టుకు కట్టేసి కొట్టిన, పళ్లు ఊడబీకిన, ప్రాణాలు తీసిన వార్తలు నేను మీ పత్రికలోనే చదివాను. జిల్లా పేజీల్లో మీరే వాటిని ఖండిస్తూ రాశారు, మంచి పని చేశారు. పక్కనున్న మహారాష్ట్రలో దభోల్కర్ గారు ఇలాంటి మూఢనమ్మకాల మీద పోరాడుతూ 2013లో తుపాకీ గుళ్లకు బలయ్యాకే అక్కడ చట్టం వచ్చింది. ఆ మాట ఒక మనిషి మీద పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? అలాంటి మాటను నల్లచొక్కాలు వేసుకున్న నలుగురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల మీద, ఫ్లాట్ నంబరు ఒక్కటి తప్ప అన్ని గుర్తులూ చెప్పి, ఎలా వేశారు?

ఒక్క ఫొటో చూసి రాయడమే పద్ధతైతే, ఆషాఢంలో మన మహంకాళి బోనాల దగ్గరికి ఊరికి కొత్తవాణ్ణి పంపించండి. ఒళ్లంతా పసుపు పూసుకుని కొరడా ఝళిపించే పోతరాజును ఒక ఫొటో, రంగం నాడు పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే అమ్మను ఒక ఫొటో తీసుకుని వెళ్లి ఏం రాస్తాడో చూడండి. మనకు ఒళ్లు మండదా? పోతరాజు వెనకాల నడిచి, డప్పు విని, అప్పుడు రాయమంటాం.

పాట నచ్చలేదని రాయండి, మాస్టారు అన్నట్టు మనసు కష్టపడిందని రాయండి, నాకేం అభ్యంతరం లేదు. విని రాయండి. రికార్డు మొత్తం విన్నా గంట కూడా పట్టదు.

ఓనరు నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నాడు. మీ వార్త నాలుగు కాలమ్‌లలో వచ్చింది. సవరణ రెండు లైన్లయినా చాలు, కానీ నెలాఖరు లోపల వేయండి. ఆయన తెప్పించుకునేది మీ పత్రికే.

ఇట్లు,
మీ పాత చందాదారుడు,
పద్మారావు నగర్, సికింద్రాబాద్