374 వదిలేయకు

అమ్మలూ,

రాజ్యాంగంలో, పాత కోర్టుల్లో ఉన్న కేసుల సంగతి తేల్చే 374వ అధికరణ చప్పగా ఉంది, పరీక్షకి వదిలేస్తా అన్నావు. వదలకు. ప్రాథమిక హక్కుల మీద అందరూ పేజీలకు పేజీలు రాస్తారు. ఇన్నేళ్లు కోర్టు ఆఫీసులో కేసు కట్టలు సర్దినవాణ్ణి కదా, నాకు ఆ పుస్తకంలో ముచ్చటేసేది ఇదే.

కక్షిదారు వైపు నుంచి చూడు. 1950 జనవరి 25న నీ పొలం అప్పీలు, సుప్రీంకోర్టుకి ముందున్న ఢిల్లీ ఫెడరల్ కోర్టులో ఉంది. తెల్లారితే ఆ కోర్టే లేదు. టెన్షన్ రాదూ? పెండింగ్ కేసులన్నీ సుప్రీంకోర్టుకి వెళ్తాయి, పాత కోర్టు తీర్పులు సుప్రీంకోర్టు తీర్పుల్లాగే చెల్లుతాయి అని 374 తేల్చేసింది. జడ్జీలు కూడా, వద్దనుకుంటే తప్ప, అటే. ఫెడరల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి హరిలాల్ కానియాయే ఇక్కడా మొదటి ప్రధాన న్యాయమూర్తి. జనవరి 28న కొత్త కోర్టు కొలువుదీరింది కూడా పాత చోటే, పార్లమెంటు భవనంలో సంస్థానాధీశుల కోసం కట్టిన హాల్లో. సొంత భవనానికి మారింది 1958లో.

అసలు తమాషా మూడో క్లాజులో ఉంది. బ్రిటిష్ రాజు పేరిట ఆఖరి అప్పీళ్లు వినే లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కి అప్పీలు చేసుకునే దారి 1949 అక్టోబరు 10నే మూసేశారు. అప్పటికే అక్కడ విచారణలో పడ్డ అప్పీళ్లు ఏవైనా మిగిలి ఉంటే? వాటి మీద రాజుగారు రిపబ్లిక్ వచ్చాక ఉత్తర్వు ఇచ్చినా అది మన సుప్రీంకోర్టు డిక్రీ కిందే లెక్క! రాజుని సాగనంపి, ఆయన ఉత్తర్వుని మాత్రం ఉంచుకున్నారు. పౌరుషానికి పోయి ఉంటే, ఏళ్ల తరబడి తిరిగి గెలిచినవాడు మళ్లీ మొదటి వాయిదాకి వచ్చేవాడు.

మన దగ్గరా ఇదే తీరు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడినా, గుంటూరులో హైకోర్టు మొదలైంది 1954 జూలై 5న. ఈలోగా మన కేసులు మద్రాసు హైకోర్టే చూసింది. 1956లో మళ్లీ మకాం హైదరాబాదుకి.

ప్రశ్న వస్తే మూడో క్లాజుతో మొదలుపెట్టు. నాలుగోది, సంస్థానాల్లో ప్రివీ కౌన్సిల్‌లా పనిచేసిన వ్యవస్థల గురించి, రెండు వాక్యాల్లో ముగించెయ్.

నాన్న