చికిత్స అయ్యాక చెయ్యి వాస్తే

సంపాదకులకు,

అక్టోబరు రాగానే రొమ్ము క్యాన్సర్‌ను ముందే గుర్తించడం గురించి పత్రికలు బాగానే రాస్తాయి. చికిత్స తర్వాత వచ్చే చేతి వాపు, అంటే లింఫెడిమా, ఊసు తక్కువ. చంకలో లింఫు గ్రంథులు తీసేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా చేతిలోని లింఫు ద్రవం, అంటే కణాల మధ్య నుంచి రక్తంలోకి తిరిగి చేరే నీరు లాంటి ద్రవం, వెనక్కి పోయే దారి తగ్గుతుంది. వాపు ఏళ్ల తర్వాత కూడా రావచ్చు.

గాజులు, ఉంగరం బిగుసుకోవడం, జాకెట్టు చెయ్యి పట్టకపోవడం తొలి గుర్తులు. నెలకోసారి దర్జీ టేపుతో మోచేతికి 10 సెంటీమీటర్ల పైన, 10 సెంటీమీటర్ల కింద రెండు చేతులూ కొలవాలి. తేడా 2 సెంటీమీటర్లుంటే డాక్టరుకు చూపించాలి. వాటం చెయ్యి మామూలుగానే కాస్త లావుంటుంది కనుక ఆస్పత్రులు ఆపరేషన్‌కు ముందే కొలతలు కేసు షీటులో రాయాలి. చాలాచోట్ల రాయరు!

నీరు తీసే మాత్రలు దీనికి పనిచేయవు. నూనె రాసి గట్టిగా మర్దన చేయించడం ఇంకా తప్పు; చర్మం మాత్రమే కదిలేంత మెత్తగా, అదీ నేర్చుకున్నాకే చేయాలి. వాపు అదుపులో ఉండేందుకు చేతికి వేసుకునే బిగుతు తొడుగు కొలతకు కుదరకపోతే వేళ్లు వాస్తాయి. రోజూ వాడితే సుమారు 6 నెలలకు సాగిపోతుంది, మార్చాలి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి, యాంటీబయాటిక్ అవసరం.

బరువులు అసలు ఎత్తకూడదన్నది పాత మాట. అర కిలోతో మొదలుపెట్టి, వాపు చూసుకుంటూ మెల్లగా పెంచుకోవచ్చు.

— ఫిజియోథెరపిస్టులు, గుంటూరు