క్లచ్ ఎక్కడ పడుతుందో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికలో కొత్త బండ్ల గురించి వచ్చే పేజీ నేను వదలకుండా చదువుతాను. ఎన్ని సీసీ, ఎంత పవరు, లీటరుకి ఎన్ని కిలోమీటర్లు, డిస్‌ప్లే మీద ఏమేం కనిపిస్తాయి, ఫోన్ ఎలా కలుపుకోవాలి, అన్నీ ఉంటాయి. ఎడమ చేతి కింద ఉండే క్లచ్ లివర్ గురించి మాత్రం మహా అయితే ఒక్క ముక్క, 'క్లచ్ తేలిగ్గా ఉంది' అని. ఆ ఒక్క ముక్క నమ్మి బండి కొన్నవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పదకొండేళ్లు ఒకే బండి నడిపాను. పోయిన నెల దాన్ని మా బావమరిదికి ఇచ్చేసి కొత్తది తీసుకున్నాను. షోరూంలో బండి అప్పగించిన కుర్రాడు నా ఫోన్‌ని బండికి కలపడానికి పావుగంట తంటాలు పడ్డాడు, క్లచ్ గురించి ఒక్క మాట చెప్పలేదు. నేనూ అడగలేదు లెండి, గేరు బండి మనకేమన్నా కొత్తా? బయటికి తీసి ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలితే కప్పలా ఒక్క గెంతు గెంతి ఆఫ్ అయిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసి ఈసారి కాస్త రేజ్ ఇచ్చి వదిలాను, ఇంకా పెద్ద గెంతు. మొదటి సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడ్డాక వరసగా మూడుసార్లు ఆగిపోయింది. వెనకాల హారన్లు, పక్కన స్కూటర్ మీద వెళ్తున్నావిడ జాలిగా ఒక చూపు. ఆ టెన్షన్‌లో ఇంజిన్‌ని గట్టిగా అరిపించి, లివర్‌ని కొంచెం కొంచెంగా వదులుతూ మొత్తానికి సిగ్నల్ దాటాను. ఇంటికొచ్చి చెప్తే మా అబ్బాయి "నాన్నా, నీకు నిజంగా లైసెన్సు ఉందా?" అన్నాడు.

రెండు రోజులు బండినే తిట్టుకున్నాను. తర్వాత బావమరిది ఇంటికెళ్లి పాత బండి ఒకసారి నడిపి చూస్తే అప్పుడు తెలిసింది తేడా ఎక్కడుందో. పాత బండిలో క్లచ్ ప్లేట్లు అరిగిపోయి ఉన్నాయి. ప్లేట్లు అరిగేకొద్దీ క్లచ్ ఆలస్యంగా పడుతుంది, అంటే లివర్ దాదాపు పూర్తిగా బయటికి వచ్చేశాక గానీ బండి కదలదు. నా చేయి ఆ అరుగుదలతో పాటే ఏళ్ల తరబడి మారుతూ వచ్చింది, నాకు తెలియకుండానే. మొదటి సగం చటుక్కున వదిలేయడం, చివర్లో మాత్రం జాగ్రత్తగా ఉండడం. కొత్త బండిలో లివర్ ఇంకా హ్యాండిల్ గ్రిప్‌కి దగ్గర్లో ఉండగానే క్లచ్ పడుతోంది. పాత బండి మీద నేను ఏమీ ఆలోచించకుండా వదిలేసే చోటే ఇది పట్టుకుంటోందన్నమాట, గెంతదా మరి.

చాలా బండ్లలో క్లచ్ అంటే ఇంజిన్ ఆయిల్‌లో మునిగి ఉండే ప్లేట్ల కట్ట. పట్టు పూత ఉన్న ప్లేటు ఒకటి, నున్నటి స్టీలు ప్లేటు ఒకటి, ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, వాటిని స్ప్రింగులు నొక్కి పట్టుకుంటాయి. లివర్ నొక్కితే ఆ ఒత్తిడి పోయి ప్లేట్లు విడిపోతాయి, ఇంజిన్ లాగుడు చక్రానికి అందదు, వదిలితే మళ్లీ అతుక్కుంటాయి. ఈ రెంటికీ మధ్య ప్లేట్లు జారుతూ జారుతూ పట్టుకునే కాస్త జాగా ఉంటుంది చూడండి, మనం హాఫ్ క్లచ్ అంటాం, బండి సాఫీగా కదలడమంతా అక్కడే ఉంది. అది ఏ బండికి ఎక్కడ మొదలవుతుందో చేతికి తెలియాలి.

ఇక్కడ నా తెలివితేటలు కూడా చెప్పుకోవాలి. లివర్ దగ్గర క్లచ్ వైరుకి ఒక గుండ్రటి అడ్జస్టర్ ఉంటుంది కదా, దాన్ని బయటికి తిప్పితే క్లచ్ పాత బండిలాగే దూరంగా పడుతుందని కనిపెట్టాను. తిప్పాను. లివర్‌కి ఉన్న వదులంతా పోయింది, రెండు రోజులు బ్రహ్మాండంగా ఉంది, చేయి మార్చుకోనక్కర్లేదు, బండినే మార్చేశాను అని మురిసిపోయాను. మూడో రోజు ఎత్తు ఎక్కుతూ రేజ్ ఇస్తే ఇంజిన్ గీ అని అరుస్తోంది, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ముల్లు పైకి పోతోంది, బండి మాత్రం వేగం అందుకోవడం లేదు. కాసేపటికి మాడు వాసన. వైరు వదులు లేకుండా బిగిసి ఉంటే లివర్‌ని మనం పూర్తిగా వదిలినా లోపల స్ప్రింగులు పూర్తిగా నొక్కలేవు, సన్నగా నొక్కి పట్టుకుని నడిపినట్టే, ప్లేట్లు జారి కాలిపోతాయి. అప్పుడు తీశాను మాన్యువల్. చాలా బండ్లకి లివర్ కొస దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఊరికే ఆడాలని రాస్తారు, కొన్నింటికి లివర్ మొదట్లో, అంటే అది హ్యాండిల్‌కి బిగించి ఉండే వైపు, 2, 3 మిల్లీమీటర్లు అని చెప్తారు, ఎవరి బండికి ఎంతో వాళ్ల పుస్తకంలోనే చూసుకోవాలి. నేను మళ్లీ వెనక్కి తిప్పి ఉండాల్సినంత వదులు పెట్టాను. ప్లేట్లు బతికిపోయాయి.

తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే ఖాళీ మైదానానికి వెళ్లాను. ఇంజిన్ వేడెక్కనిచ్చి, ఫస్ట్ గేరులో, కాళ్లు రెండూ నేల మీద పెట్టి, రేజ్ అస్సలు ఇవ్వకుండా, క్లచ్ ఒక్కటే మెల్లగా వదలడం. ఒక చోటికి రాగానే ఇంజిన్ చప్పుడు కొంచెం బరువెక్కుతుంది, ఎవరో వెనక నుంచి బండిని పట్టుకున్నట్టు. అదిగో అదే చోటు. ఇంకో వెంట్రుకవాసి వదిలితే చక్రం కదులుతుంది. మళ్లీ నొక్కెయ్యి, మళ్లీ వదులు. ఇరవై ముప్పై సార్లు, మధ్య మధ్యలో న్యూట్రల్ చేసి ఆపుతూ, ఎందుకంటే హాఫ్ క్లచ్‌లో ఎక్కువసేపు ఉంచితే ప్లేట్లు వేడెక్కుతాయి. లెక్కపెట్టలేదు గానీ అరగంట అయ్యేసరికి చూడకుండా, ఆలోచించకుండా చేయి అక్కడ ఆగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత మనిషి నడిచే వేగంలో కదలడం, ఆగడం, మళ్లీ కదలడం. ఇంత చిన్న పనికి మూడు వారాలు అవస్థ పడ్డాను.

వేళ్ల సంగతి ఇంకోటి. నేను ఎప్పుడూ రెండు వేళ్లతోనే క్లచ్ నొక్కుతాను, మిగతా రెండూ గ్రిప్ మీద ఉంటాయి. పాత బండికి అది సరిపోయేది. కొత్తదానికి క్లచ్ గ్రిప్‌కి దగ్గర్లో పడుతుంది కాబట్టి లివర్ గ్రిప్ మీదున్న ఆ రెండు వేళ్లకి తగిలి ఆగిపోతోంది, క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. సిగ్నల్ దగ్గర బండి ముందుకి పాకుతోంది, న్యూట్రల్ పడటం లేదు. గేర్‌బాక్స్‌లో ఏదో తేడా ఉందనుకున్నాను ముందు. నాలుగు వేళ్లతో గ్రిప్‌కి తాకేదాకా నొక్కితే అన్నీ సర్దుకున్నాయి. చేయి చిన్నగా ఉన్నవాళ్లకి లివర్ దూరం తగ్గించుకునే ఏర్పాటు కొన్ని బండ్లలోనే ఉంటుంది, దాని గురించి కూడా మీ పేజీలో ఎప్పుడూ చూసిన గుర్తు లేదు.

ఇక 'తేలిగ్గా ఉంది' అన్న మాట. ఇప్పుడు చాలా బండ్లకి అసిస్ట్ అండ్ స్లిప్పర్ క్లచ్ వస్తోంది. ఇంజిన్ లాగేటప్పుడు ఆ లాగుడే ప్లేట్లని గట్టిగా దగ్గరికి బిగిస్తుంది కాబట్టి మెత్తటి స్ప్రింగులు సరిపోతాయి, లివర్ తేలికవుతుంది. గేర్లు గబగబా తగ్గించినప్పుడు వెనక చక్రం కుదుపుకి గురికాకుండా ప్లేట్లని కాస్త జారనిస్తుంది కూడా. మంచిదే, ట్రాఫిక్‌లో చేయి నొప్పి పుట్టదు. కానీ నాకైతే గట్టి క్లచ్ ఎక్కడ పట్టిందో చేతికి చెప్పినంత స్పష్టంగా ఇది చెప్పడం లేదు, చెవితో వినాల్సి వస్తోంది. తేలిక అనేది ఒక గుణం, తెలియడం అనేది వేరే గుణం. రెంటినీ ఒకే మాటలో కలిపేస్తే నాలాంటివాడు సిగ్నల్ దగ్గర ఇరుక్కుంటాడు.

క్లచ్ అసలు ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు, 1958లో వచ్చిన హోండా సూపర్ కబ్‌కే క్లచ్ లివర్ లేదు, గేర్లు మాత్రం కాలితో మార్చుకోవాలి. కరెంటు బండ్లలో చాలావాటికి ఆ గొడవే లేదు. అయినా గేరు బండి కొనేవాళ్లు ఇంకా కొంటూనే ఉన్నారు, నాలాగే.

అందుకని నా మనవి. మీవాళ్లు బండి నడిపి రాసేటప్పుడు క్లచ్ గ్రిప్‌కి దగ్గర్లో పడుతోందా, మధ్యలోనా, చివర్లోనా ఒక్క వాక్యం రాయండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడూ, గంటసేపు ట్రాఫిక్‌లో నడిపాకా తేడా ఏమన్నా వచ్చిందా, రెండు వేళ్లతో పూర్తిగా విడిపోతోందా, లివర్ దూరం మార్చుకోవచ్చా, ఇవి కూడా. టాప్ స్పీడ్ ఎంతో రాసే చోట కొంచెం జాగా తగ్గించినా ఫరవాలేదు, ఆ స్పీడుకి నేను ఎలాగూ పోను.

ఇట్లు,
మీ పాఠకుడు